330 డిగ్రీలు: ‘లేడీ బీ గుడ్’ దారిని మళ్ళీ గీసిన డైరీ

పని రెండు ముక్కలు. ఒకటి: 1943 ఏప్రిల్ 4న ఇటలీలోని నేపుల్స్ మీద దాడికి వెళ్ళి, తిరుగుప్రయాణంలో లిబియా ఎడారిలో కూలిన అమెరికన్ బాంబర్ ‘లేడీ బీ గుడ్’ దారిని ప్లైవుడ్ మీద స్కేలు ప్రకారం మేకులు, దారాలతో గీయడం. రెండు: ఆ రాత్రి కొంప ముంచిందని చెప్పే రేడియో దిశ పొరపాటును ఏలూరులో మా డాబా మీద చేసి చూడడం. ఏడు వారాలు పట్టింది. అందులో ఐదు వారాలు తప్పులకే పోయాయి కాబట్టి తప్పులనే ఎక్కువగా రాస్తున్నాను.

కావలసినంత నేపథ్యం: బి-24డి లిబరేటర్, నంబరు 41-24301. 376వ బాంబ్ గ్రూపు, 514వ స్క్వాడ్రన్. తొమ్మిది మంది సిబ్బంది, వాళ్ళకు అదే మొదటి దాడి. బెంగాజీకి దక్షిణాన ఉన్న సోలుక్ రన్‌వే నుంచి ఇసుక తుఫానులో మధ్యాహ్నం 2:50కి లేచింది. రాత్రి 7:50 ప్రాంతంలో నేపుల్స్ దగ్గరికి చేరింది. కింద ఏమీ కనబడక వెనుదిరిగింది. 12:12కి పైలట్ హాటన్ రేడియోలో దారి అడిగాడు. విమానంలోని దిశాసూచక యంత్రం పనిచేయడం లేదన్నాడు. బెంగాజీ పక్కనే ఉన్న బెనీనా రేడియో కేంద్రం, విమానం తమకు 330 డిగ్రీల దిశలో, అంటే వాయవ్యాన ఉందని లెక్క చెప్పింది (దిశను ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా కొలుస్తారు). రాత్రి రెండింటికి ఇంధనం అయిపోయి అందరూ పారాచూట్లతో దూకారు. ఖాళీ విమానం ఇంకో 26 కి.మీ. వెళ్ళి తనంతట తానే ఇసుక మీద వాలింది. 1958లో చమురు అన్వేషకులకు ఆకాశం నుంచి కనిపించేదాకా అది అక్కడ ఉందని ఎవరికీ తెలియదు.

దశ 1: అంకెలను బోర్డు మీదికి దించడం

స్కేలు: 1 సెం.మీ.కి 20 కి.మీ. బోర్డు మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు. పైన నేపుల్స్, కింద శిథిలం. రెండూ సరిగ్గా పడతాయి.

శిథిలం ఉన్న చోటు 26 డిగ్రీల 42 నిమిషాల 45.7 సెకన్ల ఉత్తర అక్షాంశం, 24 డిగ్రీల 1 నిమిషం 27 సెకన్ల తూర్పు రేఖాంశం. నేను ఎక్సెల్‌లో 26.4245 అని కొట్టాను. నిమిషాలను, సెకన్లను దశాంశాల్లా పక్కపక్కన పేర్చేశానన్నమాట. సరైన అంకె 26.7127. ఈ ఒక్క పొరపాటుతో శిథిలం 32 కి.మీ. దక్షిణానికి జరిగిపోయింది. మనుషులు దూకిన చోటుకూ విమానం వాలిన చోటుకూ మధ్య ఉన్నదే 26 కి.మీ.! నాలుగు రోజులు ఆ తప్పు మేకు చుట్టూనే దారాలు కట్టాను.

రెండో తప్పు మరీ మొండిది. అక్షాంశ డిగ్రీకీ రేఖాంశ డిగ్రీకీ బోర్డు మీద ఒకే కొలత ఇచ్చాను. బెనీనా నుంచి నేపుల్స్‌కు దారం లాగి కోణమానిని పెడితే 325 చూపించింది. 330 ఎందుకు రావడం లేదని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. భూమధ్యరేఖకు దూరంగా వెళ్ళేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. బోర్డు మధ్య అక్షాంశం 33.8 దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ, అక్షాంశ డిగ్రీలో 0.83 వంతే.

మళ్ళీ చేసిన వరుస:

1. డిగ్రీలు + నిమిషాలు ÷ 60 + సెకన్లు ÷ 3600. ప్రతి చోటుకూ రెండుసార్లు, రెండోసారి కాగితం మీద.
2. అక్షాంశ డిగ్రీకి 5.56 సెం.మీ., రేఖాంశ డిగ్రీకి 4.61 సెం.మీ. గళ్ళు గీయాలి.
3. మేకులు: నేపుల్స్, బెనీనా, సోలుక్, శిథిలం. శిథిలం నుంచి బెనీనా వైపు 1.3 సెం.మీ. వెనక్కి వచ్చి, దూకిన చోటు.
4. దారం వదులుగా ఉండకూడదు. నూలు దారం మా ఊరి ఉక్కకు సాగిపోయింది. చేపల వలల నైలాన్ దారానికి మారాను.

ఇప్పుడు కోణమానిని పెడితే నేపుల్స్ 330, శిథిలం 150. మధ్యలో బెనీనా మేకు. మూడు మేకుల మీదుగా ఒకే తిన్నని గీత! అయితే బోర్డును చూసి మురిసిపోకండి, గోళం మీద లెక్క కట్టాలి. కడితే బెనీనా నుంచి నేపుల్స్ దిశ 332.8 వచ్చింది. బెనీనా నుంచి శిథిలం దిశ 147.8, దాని ఎదురు దిక్కు 327.8. ఆ రాత్రి చెప్పిన 330 ఈ రెండింటికీ దాదాపు నడిమధ్యన ఉంది. ఈ పనిలో ఇంతకంటే నన్ను నిలబెట్టిన అంకె మరొకటి లేదు.

దూరాల్లో ఒక హెచ్చరిక. ఈ విమానం గురించి చదివిన చాలా చోట్ల శిథిలం 440 మైళ్ళు లోపల ఉందని ఉంటుంది, కొందరు సోలుక్ నుంచి అని కూడా రాస్తారు. సోలుక్ నుంచి నాకు 661 కి.మీ., అంటే 411 మైళ్ళే వచ్చింది. నా లెక్కే తప్పనుకుని మూడుసార్లు చేశాను. చివరికి బెంగాజీ ఊరి నుంచి వేసి చూస్తే 713 కి.మీ., 443 మైళ్ళు. అంకె సరైనదే, మొదలుపెట్టిన చోటు వేరు. మీ బోర్డు మీద దూరం రాసేటప్పుడు ఎక్కడి నుంచో కూడా రాయండి.

ఇప్పటిదాకా: నేపుల్స్–బెనీనా 1,111 కి.మీ.; బెనీనా–దూకిన చోటు 675; మొత్తం 1,786 కి.మీ. ఖర్చు: ప్లైవుడ్ 320, మేకులు, దారం, చార్టు కాగితం 95; మొత్తం 415 రూపాయలు.

దశ 2: గడియారం లెక్క

12:12కి విమానం ఎక్కడుంది? సముద్రం మీదా, అప్పటికే స్థావరం దాటి ఎడారి మీదా? మొత్తం ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

ఎక్సెల్‌లో 12:12లోంచి 7:50 తీసేస్తే వచ్చిన సమయం సరైనదే, కాని అది కాకతాళీయంగా కుదిరింది. ఆ కంప్యూటర్ దృష్టిలో 12:12 అంటే మిట్టమధ్యాహ్నం. 24 గంటల పద్ధతికి మార్చి 0:12 అని కొడితే ఈసారి మైనస్ వచ్చింది. తేదీకి వేరే నిలువు వరుస పెడితేగాని దారికి రాలేదు. అర్ధరాత్రి దాటే ప్రయాణం ఏదైనా సరే, తేదీ లేకుండా సమయం రాయకండి.

లెక్క:

1. 19:50 నుంచి 02:00 వరకు 6 గంటల 10 నిమిషాలు. 1,786 కి.మీ. దూరానికి సగటు వేగం గంటకు 290 కి.మీ. గాలి సాయం ఉన్నా లేకపోయినా ఇది నేల మీద కొలిచిన వేగమే.
2. 00:12 నాటికి గడిచింది 4 గంటల 22 నిమిషాలు. 290 చొప్పున 1,265 కి.మీ. అంటే బెనీనా దాటి 154 కి.మీ. లోపల.
3. నేపుల్స్ దగ్గర అరగంట తిరిగి, 20:20కి బయలుదేరిందనుకుంటే: సగటు 315, 00:12కి బెనీనా దాటి 107 కి.మీ.
4. గంట ఆలస్యమైందనుకుంటే: సగటు 346, అయినా 53 కి.మీ. దాటేసింది.

తిరగేసి కూడా చూశాను. 00:12కి ఇంకా సముద్రం మీదే ఉందనుకుందాం. అప్పుడు రెండింటికల్లా దూకిన చోటికి చేరాలంటే మిగిలిన గంటా నలభై ఎనిమిది నిమిషాలూ గంటకు 375 కి.మీ. పైగా పరుగెత్తాలి. పదకొండు గంటలు ఎగిరి, ట్యాంకు అడుగంటుతున్న లిబరేటర్ అలా పరుగెత్తుతుందని నేను నమ్మను. హాటన్ దారి అడిగేటప్పటికే ఇల్లు వెనకబడింది.

విమానం తమ మీదుగా వెళ్తున్న చప్పుడు విని కింద ఉన్నవాళ్ళు తారాజువ్వల్లాంటి ఫ్లేర్లు కాల్చారు కూడా. పైవాళ్ళకు కనబడలేదు.

దశ 3: చట్రం ఏరియల్

తీగ చుట్టిన చట్రాన్ని తిప్పుతుంటే ఒక చోట స్టేషను గొంతు పడిపోతుంది. దాన్ని ఈ డైరీలో మూగస్థానం అంటున్నాను. చిక్కంతా ఏమిటంటే మూగస్థానాలు రెండు, సరిగ్గా ఎదురెదురుగా. స్టేషను ఏ గీత మీద ఉందో చట్రం చెబుతుంది, గీతకు ఏ చివర ఉందో చెప్పదు. బెనీనాలో జరిగింది ఇదేనని సాధారణంగా ఇచ్చే వివరణ: విమానం ఆగ్నేయాన 150 వైపు ఉంటే, వాయవ్యం నుంచి వస్తుందని ఎదురుచూస్తున్నవాళ్ళు దాన్ని 330 అని చదివారు.

నా లక్ష్యం ఆకాశవాణి విజయవాడ, 837 కిలోహెర్ట్జ్. పటం ప్రకారం మా ఇంటి నుంచి దాదాపు 246 డిగ్రీలు, 55 కి.మీ.

మొదటి చట్రం: 60 సెం.మీ. చదరం, మోటారు రీవైండింగ్ దుకాణంలో కొన్న 26 గేజి ఎనామిల్ తీగ, 24 చుట్లు. చుట్లు ఎక్కువైతే శక్తి ఎక్కువ అనుకున్నాను. స్టేషను మార్చే గ్యాంగ్ కండెన్సర్‌ను పూర్తిగా విప్పినా విజయవాడ అందలేదు, అంతకన్నా కింది ఫ్రీక్వెన్సీల దగ్గరే ఆగిపోయింది. సగం తీగ విప్పేశాను. 12 చుట్లకు విజయవాడ గ్యాంగ్ తిప్పుడులో హాయిగా మధ్యకు వచ్చింది. విప్పిన తీగ పారేయకండి, తర్వాత పనికొస్తుంది.

రెండో తప్పు: ట్రాన్సిస్టర్‌ను బల్ల మీద పెట్టి చట్రాన్ని మాత్రమే తిప్పాను. మూగస్థానం లోతుగా రాలేదు, పైగా తిప్పిన ప్రతిసారీ వేరే చోట. ట్రాన్సిస్టర్ లోపలి ఫెర్రైట్ కడ్డీ కూడా ఒక ఏరియలే కదా. అది సొంతంగా విజయవాడను పట్టేసుకుంటోంది. ట్రాన్సిస్టర్‌ను చట్రం మధ్యలో చెక్కపట్టీకి కట్టాను, కడ్డీ చట్రానికి అడ్డంగా పొడుచుకు వచ్చేలా. ఇప్పుడు రెండూ కలిసి తిరుగుతాయి, రెండూ ఒకే చోట మూగబోతాయి. తేడా చెవికి వెంటనే తెలిసింది: వార్తలు చదివే ఆమె గొంతు తగ్గి తగ్గి, ఒక్క రెండు డిగ్రీల మేర ఉత్త గరగర మిగిలి, మళ్ళీ లేచింది.

మూడో తప్పు నాది కాదు, శ్లాబుది. ఫోనులోని దిక్సూచితో కొలిస్తే మూగస్థానాలు 255, 74. తొమ్మిది డిగ్రీలు తేడా! డాబాలో ఇనుప చువ్వలున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. ఫోను పక్కన పెట్టి పాత పద్ధతికి వెళ్ళాను:

1. ఎండలో చదునైన చోట నిలువుగా ఒక కర్ర, దాని చుట్టూ సున్నంతో వృత్తం. మన శంకుస్థాపనలోని శంకువు ఈ కర్రే.
2. ఉదయం నీడ కొన వృత్తాన్ని తాకిన చోట గుర్తు. మధ్యాహ్నం మళ్ళీ తాకిన చోట ఇంకో గుర్తు.
3. రెండు గుర్తులనూ కలిపితే తూర్పు పడమరల గీత.

ఆ గీత నుంచి కొలిస్తే మూగస్థానాలు 244, 65. నా చేతిపనికి ఇది చాలు.

రాత్రి కోసం హైదరాబాద్ 738 కూడా ప్రయత్నించాను, 288 కి.మీ., దిశ 285. పగలు 283 దగ్గర చక్కగా మూగబోయింది. రాత్రి ఎనిమిదిన్నరకు చూస్తే 270కీ 300కీ మధ్య ఎక్కడా తేటగా లేదు, నీళ్ళలో నీడలా కదులుతోంది. చీకటి పడ్డాక రేడియో తరంగాలు ఆకాశంలోని పై పొరలను తాకి కూడా వచ్చి, నేల మీదుగా వచ్చేవాటితో కలగాపులగం అవుతాయి. మీరు చేస్తే పగలు చేయండి.

ఇప్పటిదాకా: తీగ 120, గ్యాంగ్ 60, చెక్కపట్టీలు 80; మొత్తం 675 రూపాయలు. ట్రాన్సిస్టర్ ఇంట్లోదే.

దశ 4: ఏ చివర?

చట్రానికి ఒక నిలువు ఏరియల్ జతచేస్తే రెండు వైపుల్లో ఒకటి బలపడి, రెండోది నీరసిస్తుంది. సూత్రం అంతే. దీనికి వారం పోయింది.

నిలువు ఏరియల్‌ను ఒక చిన్న పొటెన్షియోమీటర్ (తిప్పి పెంచే, తగ్గించే నిరోధకం) ద్వారా చట్రం తీగ కొసకు కలిపాను. పాత మూగస్థానాల్లోనే ఒకటి పోయి ఒకటి మిగులుతుందని అక్కడే వెతుకుతూ కూర్చున్నాను. అక్కడ ఏమీ దొరకదు, ఎందుకంటే నిలువు ఏరియల్ కలిసిన తర్వాత నీరసించే చోటు పాత మూగస్థానం నుంచి తొంభై డిగ్రీలు పక్కకు ఉంటుంది. చట్రం అంచు స్టేషను వైపు తిరిగినప్పుడే తేడా వినాలి.

పనిచేసిన వరుస:

1. నిలువు ఏరియల్ లేకుండా మూగస్థానం పట్టాలి. గీత దొరికింది.
2. చట్రాన్ని తొంభై డిగ్రీలు తిప్పాలి.
3. నిలువు ఏరియల్ కలపాలి. పొటెన్షియోమీటర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ, చట్రాన్ని ఇటు అంచు, అటు అంచు మార్చి చూడాలి. తేడా ఎక్కువగా వినబడే చోట వదిలేయాలి.
4. ఏ అంచుకు గొంతు పెరుగుతుందో ఆ అంచు మీద ఎర్ర టేపు. ఈ గుర్తు తెలిసిన స్టేషనుతోనే పెట్టుకోవాలి.

పూర్తిగా మూగబోవడం నాకు ఒక్కసారీ రాలేదు. ఒక వైపు గట్టిగా, ఒక వైపు మెల్లగా, అంతే. సరిపోతుందో లేదో చూడడానికి మా తమ్ముడి కూతురిని పిలిచాను, పదో తరగతి. నా కళ్ళకు తువ్వాలు కట్టింది. ఇష్టం వచ్చిన అంచును విజయవాడ వైపు పెడుతుంది, ఏ అంచో నేను విని చెప్పాలి. నిలువు ఏరియల్ లేకుండా ఇరవైసార్లు.

“పెదనాన్నా, రెండు వైపులా ఒకేలా ఉంది కదా, నువ్వు దేన్ని బట్టి చెబుతున్నావు?” అంది ఏడోసారికే.

“ఇందాక అటు పెట్టావు కదా, ఇప్పుడు ఇటు పెట్టి ఉంటావని.”

“అంటే నన్ను చూసి చెబుతున్నావు, రేడియోను విని కాదు.”

ఆ మాటకు తువ్వాలు విప్పి నోటుబుక్‌లో రాసుకున్నాను. బెనీనా కేంద్రంలో ఉన్నవాళ్ళు చేసింది కూడా అదే అయి ఉండాలి. గీత రేడియో ఇచ్చింది, చివర తమ అంచనా ఇచ్చింది. ఉత్తరం నుంచి రావలసిన విమానం ఉత్తరాన ఉందనే అనుకుంటాం.

ఫలితాలు: నిలువు ఏరియల్ లేకుండా 20కి 9. ఉన్నప్పుడు 20కి 17. తప్పిన మూడూ పక్కింటి ఎల్‌ఈడీ దీపాలు వెలిగాక జరిగినవి. ఒకసారి పాప చేయి ఏరియల్‌కు తగిలి ఫలితం తలకిందులైంది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఖర్చు: ఏరియల్ 90, పొటెన్షియోమీటర్ 25; మొదటి నుంచి మొత్తం 790 రూపాయలు.

దశ 5: నడక దారం

ఇక్కడ కొలతలు తక్కువ, మేకులు ఎక్కువ. బాంబులు వదిలే పని చూసే బాంబార్డియర్ వొరావ్కా పారాచూట్ సరిగా తెరుచుకోక చనిపోయాడు. మిగిలిన ఎనిమిది మందీ చీకట్లో ఒకచోట చేరి, సముద్రం దగ్గరలోనే ఉందనుకుని ఉత్తర దిక్కుగా నడిచారు. అందరికీ కలిపి ఒక్క సీసా నీళ్ళు. దారిలో బూట్లు, పారాచూట్ ముక్కలు గుర్తులుగా పెట్టుకుంటూ వెళ్ళారు. కోపైలట్ టోనర్ జేబు డైరీలో ఏప్రిల్ 12 వరకు రాశాడు.

బోర్డు మీద ఎర్ర దారం: దూకిన చోటు నుంచి ఐదుగురు దొరికిన చోటికి, సుమారు 130 కి.మీ., 6.5 సెం.మీ. హాటన్, టోనర్, హేస్, లామొట్, ఆడమ్స్ 1960 ఫిబ్రవరిలో అక్కడ దొరికారు. ఇంకా ముందుకు వెళ్ళినవాళ్ళలో షెల్లీ 30 కి.మీ. పైన, రిప్‌స్లింగర్ 40 కి.మీ. పైన, అదే ఏడాది మేలో. వొరావ్కా ఆగస్టులో.

దూకిన చోటు నుంచి నేరుగా ఉత్తరాన టోబ్రూక్ తీరం దాదాపు 574 కి.మీ. బోర్డు మీద దాదాపు 29 సెం.మీ. ఎర్ర దారం దానిలో నాలుగో వంతు కూడా లేదు. విమానం వాలిన చోటు మాత్రం రెండో వైపున 1.3 సెం.మీ. దూరంలోనే, నా బొటనవేలు అడ్డం పెడితే రెండు మేకులూ కనబడవు. రెండు ముక్కలైన ఆ విమానంలో పదహారేళ్ళ తర్వాత కూడా రేడియో పనిచేసింది, కొంత తిండీ నీళ్ళూ ఉన్నాయి, ఫ్లాస్కులో టీ తాగేలా ఉంది.

మొదట ఎర్ర దారాన్ని తిన్నగా కట్టాను. మర్నాడు విప్పి, కాస్త వదులుగా కట్టాను. ఎనిమిది రోజుల నడకను బిగదీసిన గీతలా పెట్టడం బాగోలేదు. కొలత కావలసినవాళ్ళు కింద రాసిన అంకె చూసుకోవచ్చు.

సిబ్బంది కోసం తొమ్మిది చిన్న మేకులు తీశాను: ఐదు ఒకేచోట, షెల్లీకి ఒకటి, రిప్‌స్లింగర్‌కు ఒకటి, వొరావ్కాకు ఒకటి. తొమ్మిదోది గన్నర్ వెర్నన్ మూర్‌ది. అతను దొరకలేదు. ఆ మేకును బోర్డు వెనుక టేపుతో అంటించి, పేరు రాసి ఉంచాను.